పదకొండో పేరా, ఎగ్జిబిట్ నాలుగు: బరంపురం నుంచి కటక్ దాకా ఒక విడాకుల అప్పీలు

ఆయన నా దగ్గరికి వచ్చేసరికి ఫ్యామిలీ కోర్టు తీర్పు వెలువడి 41 రోజులైంది. చేతిలో బట్టల కొట్టు సంచి, అందులో తీర్పు సర్టిఫైడ్ కాపీ. కుర్చీలో కూర్చోగానే, "ఓడిపోయామని చెప్పారు లాయరు గారూ. ఎందుకు ఓడిపోయామో మాత్రం ఎవరూ చెప్పలేదు. అంతా ఇంగ్లీషులో ఉంది" అన్నారు.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 22 ప్రకారం ఇలాంటి కేసుల వివరాలు బయట పెట్టకూడదు. అందుకని మనుషుల్ని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. ఇందులో వచ్చే ముగ్గురినీ అడిగి, వాళ్లు సరే అన్నాకే రాస్తున్నాను. మార్చనిది ఒక్కటే, మాట ఎక్కడ ఎలా మారిపోయిందన్న సంగతి. ఈ కేసు గురించి రాయాలనిపించిందే దాని వల్ల.

బరంపురం తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండుగా చీలింది. బరంపురం అటు వెళ్లింది, ఇచ్ఛాపురం, సోంపేట ఇటు ఉండిపోయాయి. గీత పడినా చుట్టరికాలు తెగలేదు. ఇప్పటికీ ఇక్కడి తెలుగువాళ్లు శ్రీకాకుళం జిల్లా నుంచి పిల్లని తెచ్చుకుంటారు, అక్కడికి పిల్లనిస్తారు. కానీ ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామంది ఒడియా బడిలో చదువుకున్నవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, లెక్కలు ఒడియాలో రాసుకుంటారు. తెలుగు అక్షరాలు గుర్తుపట్టగలరు గానీ ఒక పేజీ చదవమంటే చెమటలు పడతాయి. నా కక్షిదారు అలాంటివారే. ఆయన భార్య సోంపేట దగ్గరి పల్లెలో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, డీఎడ్ చేసిన మనిషి. ఆమెకి ఒడియా అక్షరం రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం.

ఇద్దరి కేసూ నడిచింది ఇంగ్లీషులో.

సంసారం సంగతి

పెళ్లి 2011లో, పాప 2013లో. ఆయన చిన్నప్పుడే తండ్రి పోయారు, తల్లి మంచం పట్టింది. తొమ్మిదేళ్ల వయసులో ఉండగా అన్న పెళ్లయి వదిన ఇంటికొచ్చింది. తలకి నూనె రాయడం దగ్గర్నుంచి పదో తరగతి ఫీజు కట్టడం దాకా ఆవిడే చూసింది. అన్నదమ్ములిద్దరూ కలిసి బట్టల కొట్టు నడుపుతారు. ఇంటి ఖర్చు, కొట్టు డబ్బు, బీరువా తాళాలు అన్నీ వదిన గారి దగ్గరే.

కొత్త కోడలికి ఇక్కడే మొదలైంది ఇబ్బంది. పాపకి పాల డబ్బా కొనాలన్నా తోటికోడల్ని అడగాలి. వేరే వంట పెట్టుకుందామంటే భర్త వినలేదు. ఈలోగా ఆమెకి ఆంధ్రాలో డీఎస్సీ రాసి ఎస్జీటీ పోస్టు వచ్చింది. ఒడియా రాని మనిషికి బరంపురంలో ప్రభుత్వ టీచరు ఉద్యోగం వచ్చే దారి లేదు. పాతిక, ముప్ఫై కిలోమీటర్లు పోతే అదే చదువుకి ఉద్యోగం ఉంది. వదిన గారే వెళ్లమన్నారట. భర్త ఒప్పుకోలేదు. "కొట్టుండగా నీకు ఉద్యోగమేటి" అన్నారు. 2016లో ఆమె మూడేళ్ల పాపని తీసుకుని వెళ్లి ఉద్యోగంలో చేరింది.

ఆయన మూడుసార్లు సోంపేట వెళ్లి వచ్చారు. మూడుసార్లూ గొడవే. ఆ తర్వాత ఫోన్లు కూడా ఆగిపోయాయి. ఆ ఏడాది దసరా సెలవుల్లో ఆమె నోటు పుస్తకం కాగితాల మీద రెండు పేజీల ఉత్తరం రాసి పంపింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

2018లో ఆయన విడాకుల పిటిషన్ వేశారు. చట్టం సెక్షన్ 13(1)లోని రెండు కారణాలు చూపించారు, క్రూరత్వం, రెండేళ్లకు పైగా విడిచిపెట్టి ఉండటం. ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్నది బరంపురంలోనే కాబట్టి ఇక్కడ కేసు వెయ్యడంలో తప్పు లేదు. ఆమె కావాలంటే కేసుని ఆంధ్రాకి మార్చమని అడగొచ్చు. కానీ రెండు రాష్ట్రాలు, రెండు హైకోర్టులు కాబట్టి దానికి సుప్రీంకోర్టుకే వెళ్లాలి. ఆమె వెళ్లలేదు. ప్రతి వాయిదాకీ క్యాజువల్ లీవు పెట్టి రైల్లో వచ్చేది.

కింది కోర్టులో ఎందుకు పోయింది

తీర్పు చదివితే జడ్జి గారిని తప్పు పట్టడానికి నాకు పెద్దగా ఏమీ కనబడలేదు. పిటిషన్‌లో క్రూరత్వం అని రాసినవాటికి తేదీలు లేవు. మర్యాద ఇవ్వదు, వంట చెయ్యదు, పుట్టింటికి ఫోన్లు చేస్తుంది. ఇవి ఏ ఇంట్లోనైనా ఉండే అరుగుదల, తరుగుదల అని జడ్జి గారు కొట్టేశారు. సమర్ ఘోష్ వర్సెస్ జయా ఘోష్ కేసులో 2007లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. మానసిక క్రూరత్వానికి కొలబద్ద లేదు, మొత్తం సంసారాన్ని చూడాలి, చిన్నచిన్న చికాకులు క్రూరత్వం కావు.

ఏడో పేరాలో ఒక ఆరోపణ గట్టిదిలా కనబడింది. భార్య తరచూ ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించేదట. నేను ఆయన్ని, ఆమె సరిగ్గా ఏమంది, అన్నది అన్నట్టు చెప్పండి అని అడిగాను. "నేను చస్తే గానీ ఈ ఇంట్లో నా మాట ఎవరికీ వినబడదు" అందట. మన ఇళ్లలో ఈ మాట అననివాళ్లుంటారా? దాన్ని ఇంగ్లీషులోకి దించి బెదిరింపు చేసేశారు. అప్పీల్లో ఈ అంశం వదిలేస్తున్నానని ఆయనతో అప్పుడే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "నిజమే, అది బెదిరింపు కాదు" అన్నారు.

విడిచిపెట్టి వెళ్లడం అన్న కారణం కూడా నిలబడలేదు. వేరుగా ఉన్నంత మాత్రాన సరిపోదు, సంసారాన్ని శాశ్వతంగా తెంచుకోవాలన్న ఉద్దేశం కనబడాలి. బిపిన్‌చంద్ర కేసులో 1956లో చెప్పినప్పటి నుంచి ఈ సూత్రం మారలేదు. ఉద్యోగం కోసం వెళ్లిన భార్యకి ఆ ఉద్దేశం అంటగట్టడం కష్టం. భర్త ఉన్నచోటే ఉండాలి కాబట్టి భార్య ఉద్యోగం మానుకోవాల్సిందే అన్న వాదనని ఢిల్లీ హైకోర్టు 1978లోనే స్వరాజ్ గార్గ్ కేసులో ఒప్పుకోలేదు. పైగా నా కక్షిదారు కాపురానికి రమ్మని ఒక్క నోటీసైనా ఇవ్వలేదు, భార్యని కాపురానికి పంపమని కోర్టుని అడిగే సెక్షన్ 9 పిటిషనూ వెయ్యలేదు.

ఇంకొకటి తీర్పు చివర్లో ఉంది. పాపకి నెలకి 4,000 రూపాయలు ఇవ్వమని మధ్యంతర ఉత్తర్వు వస్తే 22 నెలలు బాకీ పడ్డారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. చట్టం సెక్షన్ 23 ప్రకారం తన తప్పుని తనే ఆసరా చేసుకునేవాడికి కోర్టు సాయపడదు. పాపకి పాల డబ్బు ఆపేసి అప్పీలుకి వెళ్తే ముందు ఆ ప్రశ్నే వస్తుంది. 88,000 రూపాయలకి డీడీ తీసి కట్టాకే వకాలత్ మీద సంతకం పెట్టించుకుంటానని చెప్పాను. వారంలో తెచ్చారు.

ఆ 41 రోజులు

ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984 సెక్షన్ 19 ప్రకారం అప్పీలు గడువు 30 రోజులు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 28 ప్రకారం 2003 సవరణ తర్వాత 90 రోజులు. ఏది వర్తిస్తుంది? బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ 2016లో శివరామ్ శెట్టి కేసులో 90 రోజులే అంది. వినడానికి బాగుంది గానీ, నేను ఆ ఒక్క వాదన మీద కక్షిదారు బతుకు పెట్టను. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు తీసేసి, మిగిలిన ఆలస్యానికి మన్నింపు పిటిషన్ కూడా జత చేసి కటక్‌లోని ఒడిశా హైకోర్టులో దాఖలు చేశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇలాంటి తీర్పు చేతికొచ్చినవాళ్లు 90 రోజులున్నాయి కదా అని ఊరుకోవద్దు. 30 రోజులే ఉన్నాయనుకుని పరుగెత్తండి.

ఈ అప్పీలు హైకోర్టులో ఇద్దరు జడ్జిల బెంచ్ ముందుకి వెళ్తుంది. చట్టాన్నే కాదు, సాక్ష్యాన్ని కూడా మళ్లీ మొదటి నుంచి చూస్తారు. అంటే కింది కోర్టు రికార్డే మనకి దిక్కు. కొత్తగా చెప్పుకోవాలనుకున్న బాధ ఎంతున్నా, రికార్డులో లేకపోతే అది దాదాపు లేనట్టే.

రికార్డు తెప్పించుకుని చదవడం మొదలుపెట్టాను.

పదకొండో పేరా

భార్య తరఫున వేసిన కౌంటరు, అంటే పిటిషన్‌కి జవాబు, పద్నాలుగు పేజీలు, ఇంగ్లీషులో. పదకొండో పేరాలో, పిటిషనరుకి తన వదినతో అక్రమ సంబంధం ఉందని, అందుకే భార్యని ఇంట్లో నిలవనియ్యలేదని రాసి ఉంది. అడుగున ఆమె సంతకం, తెలుగులో. ఆ పైన మామూలు వాక్యం. ఇందులోని విషయాలన్నీ చదివి వినిపించగా అర్థం చేసుకుని నిజమని ధ్రువీకరిస్తున్నానని.

వదిన గారు భర్త తరఫున రెండో సాక్షి. క్రాస్ ఎగ్జామినేషన్లో ఆవిడని ఈ పేరా మీద ప్రశ్నలు అడిగారు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, తొమ్మిదేళ్ల పిల్లాడిగా చేతికొచ్చిన మరిదిని పెంచిన మనిషి. కోర్టు రాసుకున్న వాంగ్మూలంలో ఆవిడ జవాబు ఒక్క ముక్కే ఉంది, అబద్ధం అని. ఆ రోజు నుంచి ఆవిడ మరిది ఉండే మేడ మీదికి ఒంటరిగా వెళ్లలేదని నా కక్షిదారు చెప్పారు. టిఫిన్ గిన్నె మెట్ల మీద పెట్టి కేకేస్తారట. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నా వైపు చూడలేదు.

చట్టపరంగా చూస్తే అప్పీల్లో మా చేతికి దొరికిన ఆయుధం ఇదే. వి. భగత్ కేసులో 1993లో సుప్రీంకోర్టు, కౌంటర్లో చేసిన ఆరోపణలు కూడా మానసిక క్రూరత్వం కావచ్చని చెప్పింది. విజయ్‌కుమార్ భాటే కేసులో 2003లో ఇంకో అడుగు ముందుకెళ్లింది. శీలం మీద ఆరోపణ కౌంటర్లో రాసి, తర్వాత సవరణతో తీసేసినా, ఆ గాయం పోదు, అది క్రూరత్వమే అంది. ఆ కేసులో ఆరోపణ చేసింది భర్త, బాధపడింది భార్య. సూత్రం ఇద్దరికీ ఒకటే. కింది కోర్టులో మా వైపు నుంచి ఈ అంశం వాదించనే లేదు. జడ్జి గారు కూడా ముట్టుకోలేదు.

ఇక క్రాస్‌లో భార్య ఏమందో చూశాను. 'కళ్లారా చూడలేదన్నది వాస్తవం, నాకు అనిపించింది చెప్పాను' అని ఇంగ్లీషులో నమోదైంది. ఇంకేముంది, ఆరోపణ రుజువు కాలేదు. ఆ రాత్రి నోట్స్ రాసుకుని, ఈ అప్పీలు గెలుస్తామని నమ్మకంతో పడుకున్నాను.

ఎగ్జిబిట్ నాలుగు

మర్నాడు హైకోర్టుకిచ్చే కాగితాల పుస్తకం కోసం ఎగ్జిబిట్లు, అంటే సాక్ష్యంగా దాఖలైన కాగితాలు, సరి చూస్తుంటే నాలుగోది తెలుగులో కనబడింది. 2016 దసరాకి ఆమె రాసిన ఉత్తరం. భార్య రానందనడానికి రుజువుగా మా వైపు నుంచే దాఖలు చేశారు. ఇంగ్లీషు అనువాదం జత చెయ్యలేదు. ఒడియా జడ్జి గారి ముందు అది నాలుగేళ్లు అలాగే పడి ఉంది. హైకోర్టులో అనువాదం లేకుండా కుదరదు కాబట్టి నేనే చెయ్యడానికి కూర్చున్నాను.

చివరి వాక్యం 'నేను ఇంక అక్కడికి రాను'. కింది కోర్టులో ఉత్తరం మొత్తంలో వాడుకున్నది ఆ ఒక్క ముక్కే. దానికి ముందు ఉన్నది ఆమె అనుమతితో ఇక్కడ రాస్తున్నాను.

'మీరు వదిన గారి కొంగు పట్టుకు తిరిగినన్నాళ్లూ మన సంసారం మనది అవదు. నేను ఆవిడ్ని తప్పు పట్టడం లేదు. కన్నతల్లి లేకపోతే ఆవిడే తల్లయి మిమ్మల్ని పెంచారు. నన్ను ఉద్యోగానికి వెళ్లమన్నదీ ఆవిడే. కానీ నాకు పెళ్లయింది మీతో. పాపకి ఏం కొనాలో మనిద్దరం అనుకోవాలి. మీరు కంచిలిలో ఇల్లు చూసుకుందామంటే నేను రోజూ అక్కణ్ణుంచి బడికి వెళ్తాను, మీరు రైల్లో కొట్టుకి వెళ్లొచ్చు. అలా కాదు, మళ్లీ అదే ఇంటికి, అదే పద్ధతికి రమ్మంటే, నేను ఇంక అక్కడికి రాను.'

కొంగు పట్టుకు తిరగడం. అమ్మ కొంగు పట్టుకు తిరిగే పిల్లాడు అంటాం. ఆమె లాయరు దగ్గర కూడా ఇదే మాట అని ఉంటుంది. ఆ మాట ఒక చేతి నుంచి ఇంకో చేతికి, తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్లేసరికి అక్రమ సంబంధం అయిపోయింది. ఎవరు ఎక్కడ మార్చారో నేను చెప్పలేను. కేసుకి బలం ఉంటుందని కావాలని చేశారో, మాట అర్థం కాక చేశారో కూడా చెప్పలేను. చదివి వినిపించామన్న వాక్యం మాత్రం అచ్చులో ఉంది. కోర్టు వరండాల్లో ఎన్ని కాగితాల మీద అలా చదివి వినిపించకుండానే సంతకాలు పడతాయో ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నా జూనియర్ రోజుల్లో నేనూ పెట్టించాను. ఈ కేసు తర్వాత ఆ పని మానేశాను. తెలుగువాళ్లయితే తెలుగులో, ఒడియావాళ్లయితే ఒడియాలో, ప్రతి పేరా నేనే చదివి చెప్పి, కక్షిదారు చేత తిరిగి చెప్పించుకుంటున్నాను. గంట పడుతుంది. పట్టనీ.

ఇప్పుడు ఈ ఉత్తరంతో ఏం చెయ్యాలి? చట్టం దృష్టిలో ఇది మా కేసుని బలహీనపరచదు, ఇంకా బలం ఇస్తుంది. ఆరోపణ రుజువు కాకపోవడం వేరు, అబద్ధమని తేలడం వేరు. రాజ్ తల్రేజా కేసులో 2017లో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. వదిన తల్లిలాంటిదని ఆమే 2016లో రాసింది. అలాంటప్పుడు పదకొండో పేరా అబద్ధమని ఆమెకి తెలిసే సంతకం పెట్టిందని నేను వాదించవచ్చు. గట్టిగా నిలబడే వాదన. కానీ ఉత్తరం చదివిన ఎవరికైనా ఆమె ఆ నింద వేసే మనిషి కాదని తెలిసిపోతుంది. వాదన గట్టిదే, మనసుకి మాత్రం అది నిజం కాదు.

నా కక్షిదారుని పిలిపించి ఉత్తరం మొత్తం పైకి చదివాను. ఆయన అంతవరకు అది పూర్తిగా చదవలేదు. వచ్చిన రోజు కూడబలుక్కుని నాలుగు లైన్లు చదివి, విసుగొచ్చి చివరికి వెళ్లి, రాను అన్న మాట చూసి మడిచి పెట్టేశారట. ఇంకొకరి చేత చదివించుకోవడానికి నామోషీ అనిపించింది. నాకంటే ముందు ఆయన కేసు చూసిన లాయరు గారికీ ఆ చివరి లైనే కావలసి వచ్చింది.

"మళ్లీ ఒకసారి చదవండి" అన్నారు. చదివాను. "కంచిలి" అన్నారు, అంతే. చాలాసేపటికి, "మరి కోర్టులో వదిన్ని అలా ఎందుకు రాసింది?" అని అడిగారు. నాకు తెలిసింది, అనుమానమున్నది రెండూ చెప్పాను.

అప్పుడు ఒక సంగతి ఆయనకి విడమరచి చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి అప్పీళ్లలో అందరూ మర్చిపోయేది ఇదే. పదకొండో పేరా మీద మనం గెలిస్తే, హైకోర్టు తీర్పులో ఆ పేరా పూర్తిగా ఎత్తి రాస్తారు. రాయకుండా దాన్ని క్రూరత్వం అని తేల్చలేరు. ఫ్యామిలీ కోర్టు కాగితాలు బయటికి రావు గానీ, హైకోర్టు తీర్పులు కోర్టు అనుమతితో అచ్చవుతాయి, నెట్‌లోనూ దొరుకుతాయి. మరిది, వదిన, ఆ మాట. అబద్ధమని తేల్చిన తీర్పే ఆ మాటని ఎప్పటికీ బతికించి ఉంచుతుంది.

ఆయన మర్నాడు ఫోన్ చేశారు. "విడాకులు కావాలి లాయరు గారూ. ఏడేళ్లయింది, తన బతుకు తనకి అక్కడ కుదిరింది, నాదిక్కడ. ఇప్పుడు కంచిలి వెళ్లి ఇల్లు చూసే వయసు కాదు. కానీ వదిన మీద ఆ మాట మాత్రం తుడిచెయ్యాలి. ముందు అది చూడండి."

కటక్‌లో

ఉత్తరం అనువాదం ఒక్క ముక్క వదలకుండా దాఖలు చేశాను. కొంగు అన్నచోట ఇంగ్లీషులో మాటకి మాట పెట్టి, కింద ఆ నుడికారానికి తెలుగులో ఉన్న అర్థం విడిగా రాశాను.

ఈలోగా 2023 మే 1న శిల్పా శైలేష్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వచ్చింది. కోలుకోలేనంతగా చెడిపోయిన పెళ్లిని రాజ్యాంగం 142వ అధికరణం కింద రద్దు చెయ్యవచ్చని. ఆ సాయంత్రం టీవీ చూసి నా కక్షిదారే ఫోన్ చేశారు, ఇక మనకి ఇబ్బంది లేదు కదా అని. ఆ అధికారం సుప్రీంకోర్టుది మాత్రమే, హైకోర్టుకీ ఫ్యామిలీ కోర్టుకీ లేదని చెప్పాల్సి వచ్చింది. పెళ్లి పూర్తిగా చెడిపోవడం అన్నది మన చట్టంలో ఇప్పటికీ విడాకులకి ఒక కారణంగా లేదు. నవీన్ కోహ్లీ కేసులో 2006లోనే దాన్ని చేర్చమని సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది, చేర్చలేదు. 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన రాకేశ్ రామన్ తీర్పుని నేను నోట్‌లో పెట్టాను. అక్కడ పాతికేళ్ల ఎడబాటునే క్రూరత్వంగా చూశారు. మాది ఏడేళ్లు. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేదు.

విచారణ రోజు బెంచ్ పదకొండో పేరానీ ఉత్తరం అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఈ రెండూ ఒకే మనిషివేనా అని ఆమె లాయరుని అడిగారు. అప్పీల్లో ఆమె తరఫున వచ్చింది కొత్త లాయరు. పేరాలో ఏముందో ఆమెకి క్రాస్ జరిగిన రోజే తెలిసిందని ఆయన చెప్పారు. మరి సంతకం సంగతేమిటని బెంచ్ అడిగింది. దానికి జవాబు లేదు. నేను లేచి, అవతలి పక్షం ఆ పేరా వెనక్కి తీసుకోవడానికి సిద్ధమైతే మేము రాజీకి సిద్ధం అన్నాను. మెడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర మాట్లాడుకోవడానికి, పంపారు. ఇద్దరూ కటక్ దాకా 200 కిలోమీటర్లు తిరగనక్కర్లేకుండా బరంపురంలోనే జరిగేలా ఉత్తర్వు ఇచ్చారు.

మెడియేషన్ గదిలో ఏం మాట్లాడుకున్నారో రాయకూడదు, రాయను. నాలుగుసార్లు కూర్చున్నారు. మొదటిసారి ఇద్దరూ వేర్వేరు తలుపుల్లోంచి బయటికొచ్చారు. మూడోసారి పాప లెక్కల మార్కుల గురించి వరండాలో నిలబడి మాట్లాడుకోవడం చూశాను.

రాజీ షరతులు

అప్పీలుని సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకార విడాకులుగా మార్చమని ఉమ్మడి పిటిషన్ వేశాం. ఆరు నెలల ఎదురుచూపు మాఫీ చెయ్యమని కోరాం. అమర్‌దీప్ సింగ్ కేసు (2017) ప్రకారం ఏడాదిన్నరకి పైగా వేరుగా ఉండి, భరణం, పిల్లల సంగతి అన్నీ తేలిపోయాక, మళ్లీ కలిసి ఉండే ఆశ లేనప్పుడు అది మాఫీ చెయ్యవచ్చు. బెంచ్ ఒప్పుకుంది.

తన కోసం భరణం వద్దని ఆమె మొదటి నుంచీ అంది. పాప పేరు మీద 8 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, పద్దెనిమిది నిండేదాకా వడ్డీ చదువుకి. నెలనెలా ఇచ్చేది 4,000 నుంచి 7,000కి పెంచారు. పెళ్లప్పుడు పెట్టిన తొమ్మిది తులాల బంగారం వదిన గారి బీరువాలోనే ఉంది, తూకం వేసి తిరిగిచ్చారు. పాప తల్లి దగ్గర. నెలలో రెండో, నాలుగో ఆదివారాలు తండ్రి దగ్గర, దసరా సెలవుల్లో సగం కూడా.

పదకొండో పేరా గురించి ఆమె విడిగా అఫిడవిట్ ఇచ్చింది. పై భాగం ఇంగ్లీషు, కింది భాగం తెలుగు. తెలుగు భాగం ఆమే సొంతంగా రాసుకుంది, నేను గానీ ఆమె లాయరు గానీ ఒక్క అక్షరం దిద్దలేదు. ఉత్తర్వులో ఆ ఆరోపణ ఏమిటో ఎత్తి రాయకుండా, పదకొండో పేరా ఉపసంహరించుకున్నారని మాత్రం రాయమని ఇద్దరం కోరాం. అలాగే రాశారు. అంగీకారంతో వచ్చిన డిక్రీ కాబట్టి దాని మీద మళ్లీ అప్పీలు ఉండదు.

ఇంత జరిగినా ఒక సంగతి నన్ను వదలడం లేదు. 2016లోనో, పోనీ 2018లో పిటిషన్ రాసే రోజునో, ఎవరైనా ఆ ఉత్తరం మొత్తం ఆయనకి చదివి వినిపించి ఉంటే ఈ అప్పీలు ఉండేదా అని. ఉండేదేమో. ఆయన అప్పుడు కంచిలికి ఒప్పుకునే మనిషి కాదని ఆయనే అంటున్నారు. అయినా అడిగి ఉండాల్సింది.

సర్టిఫైడ్ కాపీలు వచ్చాక కొట్టుకి నేనే తీసుకెళ్లాను. వదిన గారు గల్లా దగ్గర కూర్చుని ఉన్నారు. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం, తెలుగు చదువుకున్నవారే. ఉత్తర్వు పక్కన పెట్టి అఫిడవిట్ అందుకున్నారు. అక్షరం అక్షరం కింద వేలు పెట్టుకుంటూ తెలుగు భాగం చదివారు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదివారు.

"ఈ రాత అమ్మాయిదేనా బావూ?"

"ఆవిడదేనమ్మా. అంతా తనే రాసింది."

కాగితం మడిచి గల్లా పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశారు. తర్వాత మరిదిని కేకేసి, రెండో ఆదివారం ఎన్నో తారీకు అని అడిగారు.